ఓడదొంగల జెండా

పూర్వవిద్యార్థులు తమ బడిదినములలో నేర్చిన పాఠ మొకటి వ్రాసి పంపవలసినదని మన పత్రికాసంపాదకులు కోరియున్నారు. నేను నేర్చిన పాఠములలో మరువరానిది తరగతిగదిలో నేర్చినది కాదు. అది హైదరాబాదు నగరమున, అఫ్జల్‌గంజ్‌కు ఎదుటి యొడ్డున, జపాను దేశపు కత్తులుంచిన యొక అద్దాల బీరువాయెదుట నేర్చినది. అందు నా తప్పొకటి కలదు. దానిని దాచి మిగిలినది వ్రాసినచో పాఠమే మిగులదు. కావున ముందుగా ఆ తప్పునే చెప్పెదను.

అది 1974వ సంవత్సరము. నేను తొమ్మిదవ తరగతి చదువుచు వసతిగృహమున నుంటిని. పడకగదికి ప్రక్కగా పెట్టెలగది యొకటి యుండెడిది. సెలవులకు ఇండ్లకు పోయివచ్చిన పిల్లలు తమ తల్లులు కట్టియిచ్చిన సకినాలు, అరిసెలు, బెల్లము, వేయించిన పల్లీలు తమ రేకుపెట్టెలలో దాచుకొనెడివారు. తాళములున్న పెట్టెలు తక్కువ. ఉన్న తాళములును చిన్న తీగముక్కకే తెరచుకొనెడివి. రాత్రి దీపము లారిన పిమ్మట పెద్దపిల్లలు కొందరు ఆ గదిలోనికి పోయి చిన్నవారి పెట్టెలు ఖాళీ చేసెడివారు. తెల్లవారి చిన్నవా రేడ్చుట, పెద్దవారు నవ్వుట మాకు అలవాటైపోయినది.

నేను వయస్సునకు మించిన పొడగరిని. కబడ్డీ ఆటలో నన్ను పట్టి నిలుపగలవా రరుదు. ఒకనాడు ఆరవ తరగతి పిల్లలు నలుగురైదుగురు నాయొద్దకు వచ్చి, “అన్నా, మా పెట్టెలను కొంచెము చూడరాదా?” అని వేడుకొనిరి. నేను సరే యంటిని. చిరిగిన నా పాత నీలిలాగును పేలికలు చేసి, వారి పెట్టెపిడులకు ఒక్కొక్కటి కట్టితిని. “ఈ నీలిపేలిక యున్న పెట్టెను ముట్టినవాడు నాతో తలపడవలెను” అని పెద్దపిల్లలతో చెప్పితిని. వారు ముట్టలేదు. అందుకు సంతోషించి చిన్నవారు వారమునకొక దోసెడు తినుబండారము నాకిచ్చిరి. మొదట వారే యిచ్చిరి. పిదప నేనడిగి తీసికొంటిని. ఆపైన అడుగనక్కరయే లేకపోయెను. సంక్రాంతినాటికి ఇరువదిమూడు పెట్టెలకు నా పేలికలుండెను. నేను దొంగను కాను, దొంగల నాపువాడనని ఎంతయో గర్వపడుచుంటిని.

ఆ ఇరువదిముగ్గురిలో నేతపనివారి యింటి బాలుడొకడు కలడు. తండ్రి లేనివాడు. సంక్రాంతి సెలవులు ముగిసిన పిమ్మట చిన్న గుడ్డమూటలో సకినాలు తెచ్చుకొనెను. నా వంతు అడుగగా వాడు మూట విప్పి చూపి, “అన్నా, ఇవి పద్దెనిమిదే యున్నవి. అమ్మ దినమున కొకటి తినుమన్నది” అనెను. నేను వానిని కొట్టలేదు, తిట్టలేదు. వాని పెట్టెపిడికున్న పేలికను విప్పి నా జేబులో వేసికొంటిని. అంతే. తెల్లవారునప్పటికి మూట లేదు.

వాడెవ్వరితోను చెప్పుకొనలేదు. ఏడ్వనుకూడ లేదు. రెండు దినములు అన్నము సరిగా తినక, బడి మాని ఇంటికి పోయెదనని ప్రక్కవానితో అన్నాడట. మూట తీసినది నేను కాదుగదా యని నాకు నేను చెప్పుకొంటిని. ఆ మాట నిజమే. ఆ నిజమునే తలక్రింద పెట్టుకొని హాయిగా నిద్రించితిని.

ఆ మాసాంతమున మా చరిత్రోపాధ్యాయులు సాలార్‌జంగ్ మ్యూజియము చూపుటకై ఆరవ తరగతి వారిని, తొమ్మిదవ తరగతి వారిని కలిపి హైదరాబాదునకు తీసికొనిపోయిరి. చిన్నవారి చేతులు పట్టుకొని నడిపించు పని పెద్దవారమైన మాకు అప్పగింపబడెను. గౌలిగూడ బస్సుస్టేషనులో దిగితిమి. బోర్లించిన పెద్ద పీపావలె వంగిన యినుప కప్పుగల ఆ స్టేషను 2018లో కూలిపోయినది. నేటి పిల్లలు దానిని చూడజాలరు.

అక్కడనుండి అఫ్జల్‌గంజ్ మీదుగా నడచితిమి. గంజ్ అనగా ధాన్యపు బజారు. 1857 మొదలు 1869 వరకు ఏలిన ఐదవ నిజాము అఫ్జలుద్దౌలా పేరు దీనికి వచ్చినది. బస్తాలు మోయు హమాలీల కేకలు, తోపుడుబండ్ల రొద, ఎండుమిరపకాయల ఘాటు మమ్ము దారిపొడవున వెంబడించెను. 1891లో ఆసఫియా గ్రంథాలయ మను పేర స్థాపింపబడిన కేంద్ర గ్రంథాలయమును మాస్టరుగారు చూపిరి. పిమ్మట ఉస్మానియా ఆసుపత్రియొద్ద నిలిచి అందలి యొక ముదుసలి చింతచెట్టును గూర్చి చెప్పిరి. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచివేసినప్పుడు, దాదాపు 150 మంది ఆ చెట్టుకొమ్మల నెక్కి ప్రాణములు దక్కించుకొనిరట. మేము చెట్టును చూచి ముందుకు సాగితిమి. అప్పుడు దానిని గూర్చి నే నంతకు మించి తలపలేదు.

నయాపుల్ దాటి ఎడమకు తిరిగి మ్యూజియము చేరితిమి. అందలి వస్తువులలో అధికభాగము మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) కూర్చినవి. కొంతకాలము నిజాము ప్రధానిగా నుండి, పిదప తన సంపదను దేశదేశముల కళావస్తువులకై వెచ్చించిన ప్రభువాతడు. ఆయన గతించిన పిమ్మట, 1951 డిసెంబరు 16న పండిత నెహ్రూగారు ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే ఈ ప్రదర్శనశాలను ప్రారంభించిరి. 1968లో అది మూసీయొడ్డున నున్న ఈ క్రొత్త భవనమునకు మార్చబడినది. చలువరాతి రెబెకా ముఖముపైని మేలిముసుగును చూచి, అది నిజముగా గుడ్డయే యని చిన్నవారు వాదించిరి.

జపాను వస్తువుల యొద్దకు వచ్చునప్పటికి పిల్లల కాళ్లు లాగుచుండెను. పింగాణి కూజాలను, కంచు బొమ్మలను వారు అంతగా చూడలేదు. కత్తుల బీరువాయొద్ద మాత్రము అందరును గుమిగూడిరి. ఒకవైపే పదునుగలిగి, నెలవంకవలె ఇంచుక వంగిన కత్తులవి. “సార్, ఇవి ఓడదొంగల కత్తులా?” అని యొకడడిగెను. మాస్టరుగారు నవ్వి, “కావురా. ఇవి సామురాయి లనబడు యోధుల కత్తులు. కాని ఓడదొంగల సంగతి అడిగితివి కనుక చెప్పెదను, కూర్చుండుడు” అనిరి. మేము గోడప్రక్కన నేలమీద కూర్చుంటిమి.

ఆనాడు వారు చెప్పినదానికి నేను తరువాత చదివి తెలిసికొన్నది కొంత చేర్చి ఇచ్చట వ్రాయుచున్నాను.

13వ శతాబ్దము మొదలు 16వ శతాబ్దము వరకు కొరియా, చైనా దేశముల తీరవాసులు ఓడదొంగలవలన మిక్కిలి బాధపడిరి. ఆ దొంగలను జపాను భాషలో ‘వాకో’ అందురు. జపాను దొంగలని ఆ పేరున కర్థము. అయినను 16వ శతాబ్దమున ఆ దొంగలలో పెక్కురు చైనావారే. మింగు చక్రవర్తులు ప్రజలు సముద్రముపై వర్తకము చేయరాదని శాసింపగా, బ్రతుకుతెరువు పోయిన వర్తకులును నావికులును ఆ దొంగలతో కలిసిరి. 1567లో ఆ నిషేధము సడలిన పిమ్మట దోపిడులు తగ్గుముఖము పట్టెను.

జపాను లోపలి సముద్రమున మరియొక జాతి ఓడదొంగ లుండిరి. హోన్షూ, షికోకూ దీవుల నడుమ సన్నని జలమార్గములు కలవు. అచ్చట చిన్నచిన్న ద్వీపములు గుంపులుగా నుండును. పోటు పాటుల వేళ నీరు నదివలె పరుగిడి సుడులు తిరుగును. ఆ ద్వీపములను మురకామి వంశమువారు మూడు శాఖలుగా నోషిమ, కురుషిమ, ఇన్నోషిమ యను తావులయందు నిలిచి ఏలిరి. ఎచ్చట రాయి యున్నదో, ఏ వేళ సుడి లేచునో వారికే తెలియును. ఆ దారిన పోవు ఓడలకు వారు త్రోవ చూపిరి, కాపలా యిచ్చిరి, అందుకు సుంకము గొనిరి. సుంకమిచ్చిన ఓడకు తమ వంశముద్ర గల జెండా నొసగిరి. ఆ జెండా యెగురు ఓడ జోలికి ఎవ్వరును పోరు. 1581వ సంవత్సరపు తేదీ గల అట్టి జెండాలు నేటికిని నిలిచియున్నవి. 1586లో ఆ దారిన పయనించిన యేసుసభ మిషనరీలు కూడ నోషిమ ప్రభువునొద్ద అట్టి పట్టుజెండాను పుచ్చుకొనిరి. ఆ సంగతి వ్రాసిన లూయీ ఫ్రోయిష్ అను పోర్చుగీసు పాదిరి, ఆ ప్రభువును జపానులోకెల్ల గొప్ప ఓడదొంగగా పేర్కొనెను. దేశము నేకము చేసిన హిదెయోషి 1588లో ఓడదొంగతనమును నిషేధించెను. దానితో జెండాల కాలము ముగిసెను.

మాస్టరుగారు జెండామాట చెప్పినప్పుడే నా గొంతు తడియారెను. పెట్టెపిడులు, నీలిపేలికలు నా కన్నులయెదుట నిలిచెను. నా మిత్రుడొకడు మోచేతితో నన్ను పొడిచి నవ్వెను. నేనును నవ్వబోతిని. అంతలో వెనుకవరుసనుండి సన్నని గొంతు వినవచ్చెను. ఆ నేతపనివారి బాలుడే లేచి నిలుచుండి, “సార్, జెండా లేని ఓడను ఎవరు దోచుకొనేవారు?” అని యడిగెను.

మాస్టరుగారు క్షణమాలోచించి, “ఒకప్పుడు ఇతర దొంగలు. ఒకప్పుడు జెండా ఇచ్చువారే” అనిరి. మరల ఆగి, “ఎవరు దోచిననేమి? జెండా లేని ఓడ దోపిడికి గురికాకున్నచో, జెండాకు వెల ఎక్కడిది?” అనిరి.

బాలుడు కూర్చుండెను. వాడు నావైపు చూడలేదు. చూచియుండినచో నాకు కొంత నయముగా నుండెడిది. క్రింద ముంగిటిలో పాటలగడియారమునొద్ద జనులు గుమికూడు సందడి వినబడెను. ఆ గడియారములోనుండి గంటగంటకు చిన్న బొమ్మ వెడలివచ్చి గంట కొట్టి లోనికి పోవును. అది చూడవలెనని బడినుండి బయలుదేరినప్పటినుండి ఉవ్విళ్లూరినవాడను నేనే. అందరును పరుగెత్తిరి. నేను మాత్రము కత్తుల బీరువాయొద్దనే నిలిచి పన్నెండు గంటలును లెక్కించితిని. మూట తీసినది నేను కాదను మాట ఆ పన్నెండు దెబ్బలలో ఎచ్చటనో పగిలిపోయెను. ఆ మూటకు కాపలా అక్కరయని భయమునే నమ్మి నేను తినుచుంటిని. ఆ భయము తగ్గకుండ చూచుకొనుటయే నా లాభము.

సాయంకాలము తిరిగి నయాపుల్ మీద నడచుచుండగా, నేను మాస్టరుగారిని సమీపించి, “సార్, రాజులును సుంకము తీసికొందురు గదా. సుంకము వేరు, దోపిడి వేరు అని ఎట్లు తెలియును?” అని యడిగితిని. వారు వంతెన గోడ నానుకొని నిలిచి, మన దేశపు కథ యొకటి చెప్పిరి.

సముద్రతీరమున మోటుపల్లి యను ఊరు కలదు. అది నేడు బాపట్ల జిల్లాలోనిది. కాకతీయుల కాలమున గొప్ప ఓడరేవు. అచ్చటి వీరభద్రస్వామి యాలయమున గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సర ప్రాంతమున వేయించిన అభయశాసనము నేటికిని రాతికంబముమీద నున్నది. గాలివానకు చిక్కి పగిలి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు మొదలగు సమస్తమును పూర్వపు రాజులు బలాత్కారముగా లాగుకొనుచుండిరట. ప్రాణముకంటె ధనమే మిన్నయని సముద్రమున తెగించి వచ్చిన వర్తకులకు తాను దయతో అభయ మిచ్చుచున్నాననియు, ఏర్పరచిన సుంకము తప్ప మరేమియు తీసికొననియు గణపతిదేవుడు అందు చెప్పెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట ఒక వంతు. సరకులవారీగా రేట్లు సైతము ఆ కంబముమీదనే చెక్కబడియున్నవి.

“రెండు సంగతులు చూడుము” అనిరి మాస్టరుగారు. “ఇంత తీసికొందునని అందరును చదువునట్లు రాతిమీద చెక్కించినాడు. రేపు ఇంకొకమాట అనుటకు వీలులేదు. ఇది మొదటిది. ఓడ పగిలి, చేతులు జోడించుటకైన ఓపిక లేక యొడ్డున బడినవాని సొత్తు ముట్టననినాడు. ఇది రెండవది. ఎవడైనను నిన్ను కాపాడెదనన్నచో, ఏమియు ఇచ్చుకొనలేనివానికి వానిచేత ఏమి జరుగుచున్నదో చూడుము. అది కాపలాయో, దోపిడియో అప్పుడు తెలియును.”

వారికి నా నీలిపేలికల సంగతి తెలియునో, తెలియదో నేటికిని నాకు తెలియదు.

మరల ఆసుపత్రిప్రక్కగా పోవుచు ఆ చింతచెట్టు దెస చూచితిని. ఆ 150 మందిని అది, నీవేమి తెచ్చితివని అడుగలేదు. ఎక్కలేనివానిని నీటిలోనికి త్రోయలేదు. అఫ్జల్‌గంజ్ బజారులో మా తండ్రిగారు దారిఖర్చున కిచ్చిన రెండు రూపాయలలో మిగిలినదంతయు పెట్టి పల్లీపట్టీలు కొని, కాగితపు పొట్లముతో ఆ బాలునియొద్దకు పోయితిని. ఇది నీకేనంటిని. వాడు పొట్లమును చూచి, నన్ను చూచి, “దీనికి నేనేమి ఇయ్యవలెనన్నా?” అని యడిగెను.

ఏమియు వలదంటిని. వాడు పొట్లము నా చేతిలోనే తిరిగి పెట్టి, “రేపు అడుగుదువేమో” అనెను. కోపముతో అనలేదు. తెలిసిన లెక్క చెప్పినట్లు అనెను. అంతకుముందు గాని, అటుపిమ్మట గాని నేనెవ్వరిచేతను అంత దెబ్బ తినలేదు.

ఆ రాత్రి వసతిగృహము చేరగనే మిగిలిన పేలికలన్నియు విప్పివేసితిని. దానితో నా పాపము తీరెననుకొంటిని. తెల్లవారునప్పటికి మూడు పెట్టెలు ఖాళీయయ్యెను. చిన్నవారు నా చుట్టు చేరి, “అన్నా, పేలికలు మరల కట్టుము. వంతు ఇచ్చెదము” అని ఏడ్చిరి. దొంగ మానివేసినంతనే దోచబడినవానికి మేలు కలుగదని అప్పుడు తెలిసినది. వసతిగృహపు పర్యవేక్షకులయొద్దకు పోయి, మొదటినుండి తుదివరకు అంతయు చెప్పితిని. వారు నన్ను చాలసేపు చూచిరి. దండింపలేదు. గదికి పెద్ద తాళము వేయించి, దాని చెవిని ఆరవ తరగతి పిల్లలు వారమున కొకరు చొప్పున ఉంచుకొనునట్లు ఏర్పాటు చేసిరి. తాళము వచ్చువరకు ఆ గది వాకిట పండుకొను పని నేనే అడిగి తీసికొంటిని. తాళము వచ్చిన పిమ్మటకూడ వేసవి సెలవులవరకు అక్కడనే పండుకొంటిని. మొదటి వారమున సకినాల వాసన తలుపుసందునుండి వచ్చి నా నిద్ర చెడగొట్టిన మాట దాచను.

సెలవులకు ముందుదినమున ఆ నేతపనివారి బాలుడు నా చాపయొద్దకు వచ్చి కూర్చుండెను. వాని తల్లి ఎవరిచేతనో పంపిన అరిసె యొకటి వానిచేతిలో నుండెను. దానిని రెండుగా త్రుంచి సగము నాకిచ్చి, “ఇది వంతు కాదన్నా” అనెను. మేమిద్దరమును మాటలాడక తింటిమి.

మురకామి వంశపు చరిత్రకై జపానులోని ఇమబారి నగరమునకు చెందిన ఓషిమ ద్వీపమున 2004లో ఒక ప్రదర్శనశాల వెలసినది. మొదట దానికి మురకామివారి నౌకాబలపు ప్రదర్శనశాల యని పేరు. 2020లో ఆ పేరు మార్చి, మురకామి ఓడదొంగల ప్రదర్శనశాల యని పెట్టిరి. నేను దానిని చూడలేదు. చూచుటకు ఇక వయస్సును లేదు. కాని పేరు మార్చిన సంగతి చదివి సంతోషించితిని. నౌకాబలమన్నను ఓడదొంగలన్నను ఆ మనుష్యులు వారే. అయినను తమ పూర్వుల కున్న రెండు పేళ్లలో గట్టిదానిని దాచక గుమ్మముమీదనే వ్రాసికొన్నారు. నేనును ఈ వ్యాసమున ఆ పనియే చేసితిని.

బాలురారా, మీ వసతిగృహమున నేడు పెట్టెలగది యున్నదో లేదో నే నెరుగను. కాని చిన్నవాడొకడు మీ యొద్దకు వచ్చి, అన్నా, కొంచెము చూడరాదా యని అడుగు దినము మీకు తప్పక వచ్చును. ఆనాడు కాపాడుడు. పేలిక మాత్రము కట్టకుడు.